ఆ యాభై యూనిట్లు ఎవరి పద్దు?

ఆడవాళ్ళకు లెక్కలు రావని మగవాళ్ళంటే, పోనీలే, నిజమే కాబోలని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదువుకుని, నవలలు రాసుకుంటూ నలభై దాటిన మనిషిని. నా కథానాయికలకు కన్నీళ్ళొస్తాయి, కోపాలొస్తాయి, ఆఖరి అధ్యాయంలో బుద్ధి కూడా వస్తుంది. లెక్కలు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అలాంటి నాచేత ఈ వయసులో యూనిట్లు లెక్కపెట్టించింది మా వాకిట్లో నిలబడ్డ కరెంటు బండి.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

మాది నిజామాబాద్. మా వారికి ఉద్యోగం బోధన్‌లో. జానకంపేట, ఎడపల్లి మీదుగా రానూపోనూ యాభై పైచిలుకు కిలోమీటర్లు. పాత బండికి నెలకు 3,200 రూపాయల పెట్రోలు తాగించేవారు. లీటరు వంద దాటి ఎన్నాళ్ళయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పోయిన కార్తీకంలో ఆ బండి అమ్మేసి ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ కొన్నారు. దాంతోపాటు షాపువాడిచ్చిన రంగుల కాగితం ఒకటి ఇంటికొచ్చింది. "కిలోమీటరుకు పదిహేను పైసలే!" అని దానిమీద లావుపాటి అక్షరాలు. ఆ కాగితాన్ని మా వారు చుట్టాలకు చూపించారు, పాలబ్బాయికి చూపించారు, మా అత్తమ్మకైతే చదివి వినిపించారు.

నెల తిరిగింది. బిల్లు కొట్టే అబ్బాయి వచ్చి, మీటరు చూసి, చీటీ చింపి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఎప్పుడూ 180 యూనిట్ల దగ్గర ఉండే మా ఇల్లు 230కి ఎక్కింది. ఎప్పుడూ ఏడువందల చిల్లర వచ్చే బిల్లు పన్నెండువందల యాభై దాటింది.

మా ఇంటి ఏర్పాటు కూడా చెప్పాలి. పెట్రోలు ఆయన జేబులోంచి. పాలు, కూరగాయలు, గ్యాసు, కరెంటు ఇంటి ఖర్చు. నెల మొదట్లో ఆయన ఇచ్చిన మొత్తంలోంచి అవన్నీ నేనే సర్దాలి. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే పద్ధతి అనుకుంటాను.

చీటీ చూసి ఆయన అన్న మొదటి మాట ఇది: "ఏందిది, గింత బిల్లా? రాత్రి ఒంటిగంట దాకా లైటేసుకొని రాస్తవ్. బిల్లు రాకేం జేస్తది?"

బండి మాట ఎవరికీ తట్టలేదు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నాకూ తట్టలేదు. తప్పు చేసినదానిలా తల వంచుకున్నాను. ఆ రాత్రి పదింటికే నా బల్లమీద దీపం ఆర్పేశాను. పగలంతా ఇంటిపని, వచ్చేపోయేవాళ్ళు. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకానే నేను రచయిత్రిని. ఆ నాలుగు గంటలూ పోయేసరికి, రాస్తున్న నవల ఒక వారంపాటు ఒక్క పేజీ కదల్లేదు.

అంతటితో ఆగలేదు. డెబ్బైనాలుగేళ్ళ మా అత్తమ్మ, మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆ మార్గశిరం చలిలో గీజర్ వేయడం మానేసింది. "నాకు చన్నీళ్ళు అలవాటేనమ్మా, చిన్నప్పటిసంది బాయి నీళ్ళేనాయె" అంది. ఆమె వణుకుతూ బాత్‌రూములోంచి బయటికి రావడం చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఒక మగమనిషి పెట్రోలు ఆదా చేస్తే, ఆ ఆదాకు ఒక ముసలావిడ చన్నీళ్ళు పోసుకోవాలా? ఒక రచయిత్రి చీకట్లో కూర్చోవాలా? ఇదెక్కడి లెక్క?

అప్పుడు మా బాపు గుర్తొచ్చాడు.

మా పుట్టిల్లు బోధన్ దగ్గర పల్లె. నిజాంసాగర్ నీళ్ళు పారే నేల. మా బాపు చెరుకు రైతు. 1937లో పెట్టిన శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గాని, నా చిన్నతనంలో దాని వైభవమే వేరు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. క్రషింగ్ మొదలైతే రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు, గాలినిండా తీపి వాసన. ఒకసారి నేనూ బాపు వెంట బండెక్కి వెళ్ళాను. కాటా దగ్గర మిగతావాళ్ళు చాయ్ తాగడానికి పోయినా బాపు కదల్లేదు. ముల్లు ఆగేదాకా చూసి, అంకె నోట్లో అనుకుని, చీటీ మీద అదే అంకె పడ్డాక గాని పక్కకు రాలేదు.

"వాళ్ళు మోసం జేస్తరా బాపూ?" అని అడిగాను.

"ఎవరో మోసం జేస్తరని గాదు బిడ్డా. నా చెరుకు బరువు నాకు తెల్వాలె గద!" అన్నాడు.

బడికి పోని ఆ మనిషికి ఉన్న జ్ఞానం బి.ఏ. చదివిన నాకు లేకపోయింది. మా ఇంటి కాటా వరండా గోడమీదే ఉంది. ఏనాడూ దాని ముందు నిలబడలేదు.

మర్నాడు నిలబడ్డాను. మీ ఇంట్లోనూ చూడండి, మీటరు మీద చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. కరెంటు ఎంత ఎక్కువ లాగితే అంత తొందరగా మిణుకుతుంది. ఎన్ని మిణుకులకు ఒక యూనిట్టో మీటరు మొహాన అచ్చువేసి ఉంటుంది. మా దానిమీద 3200 అని ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశాను. దీపం మిణుకు ఆగింది. అప్పుడు బండి ఒక్కదాన్నీ ఛార్జింగ్ పెట్టి, గోడగడియారం ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 40. గంటకు 2,400. అంటే ముప్పావు యూనిట్. మిక్సీ పదినిమిషాలు తిరిగితే గోలపెట్టే ఇంట్లో, ఈ బండి రోజూ రెండున్నర గంటలు ఇలా తాగుతోందన్నమాట!

నా మిణుకుల లెక్కను మా వారు నమ్మరని తెలుసు. అందుకని ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టుకునే చిన్న మీటరు ఒకటి తెప్పించాను. వెయ్యి లోపే. పెద్ద ప్లగ్గుకు పనికొచ్చేది, 16 ఆంపియర్లది చూసి తీసుకోవాలి. పదిరోజులు కట్టిపెట్టి రాశాను. బోధన్ వెళ్ళివచ్చిన ప్రతి రోజూ ఒకటి తొమ్మిది, ఒకటి తొమ్మిదిన్నర, ఒక్కోరోజు రెండు. మొత్తం 19.2 యూనిట్లు. నెలకు ఇరవయ్యారు ప్రయాణాలు వేసుకుంటే యాభై యూనిట్లు. బిల్లులో పెరిగినవి ఎన్ని? సరిగ్గా యాభై!

ఆ పదిరోజుల్లో ఇంకో సంగతి తెలిసింది. బండి బ్యాటరీలో పట్టేది మూడు యూనిట్లని కాగితంలో ఉంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన రోజు నింపి చూస్తే, గోడలోంచి దాదాపు మూడున్నర లాగింది. మిగతా అరయూనిట్ ఏమైంది? ఛార్జరు మీద చెయ్యి వేసి చూడండి, వెచ్చగా ఉంటుంది. కొంత ఆ వేడిలో, కొంత బ్యాటరీలో హరించుకుపోతుంది. చెరుకుప్రాంతం వాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. టన్ను చెరుకు ఆడితే వచ్చే చక్కెర ఒక క్వింటాలు, అటూఇటూగా. ఇక్కడ నష్టం అంత లేదులెండి, నూటికి పదీ పదిహేనూ. కాని కంపెనీవాళ్ళు చెప్పేది చక్కెర లెక్క, మనం బిల్లు కట్టేది చెరుకు లెక్క. కాటా గేటు దగ్గర ఉంటుంది గాని చక్కెర బస్తాల దగ్గర ఉండదు కదా!

ఇక డబ్బు సంగతి. "యాభై యూనిట్లంటే యూనిట్ నాలుగు రూపాయల చొప్పున రెండువందలు, గింతదానికి గింత లొల్లా?" అన్నారు మా వారు. కాగితంలోని పదిహేను పైసలు కూడా అలా పుట్టినవే. నెలకు ఆయన తిరిగే పదమూడువందల యాభై కిలోమీటర్లకు రెండువందలు పంచి చూడండి, పదిహేను పైసలే వస్తుంది. అది అబద్ధమనను. ఎవరి ఇంటి లెక్కో అది, మా ఇంటిది మాత్రం కాదు.

మన తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లు ఇలా ఉన్నాయి. నెలకు వంద దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు ఒక్కోటి 3 రూపాయల 40 పైసలు, ఆ పైవి 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే, దాటినవాటికే కాదు, మొదటి 200 యూనిట్లకూ రేటు మారిపోయి 5 రూపాయల 10 పైసలవుతుంది. అక్కడినుంచి 300 దాకా 7 రూపాయల 70 పైసలు, 400 దాకా 9 రూపాయలు. ఇతర ఛార్జీలు పక్కనబెట్టి వేశాను. 180 యూనిట్లకు మా బిల్లు 724 రూపాయలు. 230కి 1,251. తేడా 527. యాభై యూనిట్లకు 527 రూపాయలంటే, బండి తాగిన ఒక్కో యూనిట్ పదిన్నర రూపాయలు పడింది. కిలోమీటరుకు 39 పైసలు. ఎందుకంటే గడప దాటించింది బండి. అది దాటించడంతో, అంతకుముందునుంచీ బుద్ధిగా వాడుకుంటున్న యూనిట్లకు కూడా రేటు పెరిగింది.

ఇదే బండి, ఇవే యాభై యూనిట్లు, నెలకు నలభై యూనిట్లు వాడే ఇంటికి వెళితే 143 రూపాయల 50 పైసలు. ఎండాకాలంలో కూలర్లు తిప్పి 350 వాడే ఇంటికి వెళితే 450. కనుక పక్కింటివాళ్ళ లెక్క మనకు పనికిరాదు. బండి రాకముందు మన మీటరు ఎక్కడుందో మనకు తెలియాలి, వచ్చాక ఎక్కడికి ఎక్కిందో తెలియాలి. అంతే, దీనికి ఇంజనీరింగు చదువు అక్కర్లేదు.

మా ఇంట్లో పనికొచ్చే అక్క కథ ఇంకా అన్యాయం. వాళ్ళకు తెల్లకార్డు ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లలోపు అయితే వాళ్ళకు సున్నా బిల్లు. 165 యూనిట్లతో హాయిగా ఉండేవారు. కొడుకు పార్సిళ్ళు అందించే పనికి కరెంటు బండి తెచ్చుకున్నాడు. ఆ నెల 210 అయింది. పైనున్న పది యూనిట్లకే కట్టమంటారనుకుంది అక్క. కాదు, మొత్తం 210కీ కట్టాలి. ఆ రేట్ల ప్రకారం 1,097 రూపాయలు, మిగతా ఛార్జీలు వేరే. నాలుగిళ్ళలో గిన్నెలు తోమే మనిషి ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మా కోడలు దినమంత టీవీ పెడతదమ్మా, గందుకే" అంది.

చూశారా? మా ఇంట్లో నా దీపం, వాళ్ళింట్లో కోడలి టీవీ. రెండిళ్ళలోనూ బండి మాత్రం పెద్దమనిషిలా వాకిట్లో నిలబడి ఉంది.

నా చిన్న మీటరు వారంరోజులు వాళ్ళకిచ్చాను. బండి వాటా నెలకు 45 యూనిట్లని తేలింది. కుర్రవాడు మంచివాడే, లెక్క చూపగానే ఒప్పుకున్నాడు. ఓనరుని అడిగి వారానికి రెండుసార్లు పనిచేసే చోటే ఛార్జింగ్ పెట్టుకుంటున్నాడు. కోడలు ప్రతి ఆదివారం మీటరు అంకె గోడమీద సుద్దతో రాస్తోంది. మరుసటి నెల 196. సున్నా బిల్లు తిరిగొచ్చింది. ఆ పిల్ల టీవీ కూడా తిరిగొచ్చిందనుకోండి.

లెక్క చూడడమంటే రూపాయలు చూడడమే కాదు. 2022 ఏప్రిల్‌లో మన నిజామాబాద్‌లోనే ఒక ఇంట్లో, రాత్రిపూట హాల్లో ఛార్జింగ్ పెట్టిన బండి బ్యాటరీ పేలి, అక్కడే పడుకున్న ఎనభై ఏళ్ళ పెద్దాయన ప్రాణం పోయింది. ఇంట్లోవాళ్ళకు కాలిన గాయాలయ్యాయి. ఆ ఏడాది దేశంలో ఇంకా కొన్నిచోట్ల బండ్లు తగలబడ్డాక, ప్రభుత్వం బ్యాటరీల నిబంధనలు గట్టిచేసింది. ఏఐఎస్ 156 అనే ఆ ప్రమాణం సవరణలు 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి ఆఖరులో ఇంకో విడత అమల్లోకొచ్చాయి. అవి వచ్చాయి గదా అని మనం కళ్ళు మూసుకోవడం తగదు. పదిరోజులు మీటరు ముందు కూర్చోవడం వల్లే నాకు తెలిసింది, మా వారు ఇస్త్రీపెట్టె కోసం పెట్టించిన పాత బోర్డుకే బండి తగిలించి, రాత్రంతా వదిలేసి పడుకుంటున్నారని. ఆ ప్లగ్గు ముట్టుకుంటే చుర్రుమంది. ఎలక్ట్రీషియన్ని పిలిపించి, వరండాలో లావు వైరుతో వేరే లైను, దానికో ఎంసీబీ పెట్టించాను. 2,400 అయింది. ఇప్పుడు బండి చల్లబడ్డాక, అందరూ మెలకువగా ఉండగానే ఛార్జింగ్. పడుకునేముందు ప్లగ్గు తీసెయ్యడం. ఆ 2,400 కూడా బండి ఖర్చే. కాగితంలో అది ఎక్కడా లేదు.

ఇంతా విని, "ఇంట్లో ఎవరి పైసలైతేంది? నీవి నావి అని ఉంటయా?" అనే మగవాళ్ళుంటారు. మా వారూ అన్నారు. ఈ మాట పైకి ఎంత బాగుంటుందో! పైసలు ఇద్దరివీ అయినప్పుడు, మాట పడేది ఒక్కరే ఎందుకయింది? ఖర్చు ఎవరి పద్దులో పడితే వాళ్ళే పొదుపు చెయ్యాలి, వాళ్ళే సంజాయిషీ చెప్పుకోవాలి. పెట్రోలు పోసిన రోజుల్లో ఆయన్ని ఎవరూ, "గింత దూరం ఎందుకు తిరుగుతున్నవ్?" అని అడగలేదు. అదే ఖర్చు గోడలోంచి రావడం మొదలుపెట్టగానే నా దీపం ఎందుకు వెలుగుతోందని అడిగారు. నెలకు 3,200 ఖర్చు 527కి దిగింది. మిగిలిన 3,200 రూపాయలూ ఆయన జేబులో, పెరిగిన 527 నా పద్దులో. ఇదీ అసలు లెక్క.

"మరి బండి కిస్తీ ఎవలు గడతరు?" అన్నారు.

"మీరే కట్టండి. ఆ కిస్తీ పక్కనే కరెంటు కూడా రాసుకోండి. బండి మీదైనప్పుడు దాని మేత కూడా మీదే" అన్నాను.

నేను కరెంటు బండికి శత్రువును కాను. పొగలేదు, రొదలేదు, పదిన్నర రూపాయల యూనిట్‌తో కూడా పెట్రోలు ఖర్చులో ఆరోవంతే. పక్కింటి టీచరమ్మ తానూ ఒకటి కొంటానంటే, కొనుక్కోమనే చెప్పాను. నా తగువు బండితో కాదు. తూకం వెయ్యని ఖర్చునంతా ఇంటి ఆడదాని కొంగున కట్టే అలవాటుతో. రేపు ఇంకోటి వస్తుంది, ఏసీయో, కారో. అప్పుడూ మొదటి వేలు మన వంటింటి వైపే చూపిస్తుంది. అంకె మన చేతిలో ఉంటే ఆ వేలు కొంచెం తడబడుతుంది.

న్యాయంగా నా దీపాన్ని కూడా తూకం వేశాను. తొమ్మిది వాట్ల బల్బు, రోజుకు నాలుగు గంటలు, నెలంతా కలిపి ఒక యూనిట్ కంటే కాస్త ఎక్కువ. తలమీద తిరిగే ఫ్యాను తొమ్మిది యూనిట్లు. చలికాలంలో అదీ లేదు. అత్తమ్మ గీజర్ పావుగంటకు అరయూనిట్, నెలకు పదిహేను. ఈ అంకెలన్నీ బండి అంకె పక్కన కేలండరు మీద రాసి, చూసేవాళ్ళకు కనబడేలా తగిలించాను. మా వారు రెండురోజులు అటు చూడనట్టే తిరిగారు. మూడోరోజు 527 రూపాయలు పోపులపెట్టె పక్కన పెట్టి, ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు ప్రతి నెలా చిన్న మీటరు ఆయనే చూసి ఆ వాటా ఇస్తున్నారు. అత్తమ్మ స్నానాల గదిలోంచి ఆవిరి వస్తోంది.

అమ్మలూ, అక్కలూ, మీ వాకిట్లోకి కరెంటు బండి వస్తే హారతివ్వండి, నిమ్మకాయ తొక్కించండి, కొబ్బరికాయ కొట్టండి. ఆ తరవాత పళ్ళెం లోపల పెట్టి, తిన్నగా మీటరు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు అంకె రాసిపెట్టుకోండి.

ఈ వ్యాసం మూడు రాత్రులు రాశాను. మొత్తం పన్నెండు గంటలు దీపం వెలిగింది. మా ఇంటి రేటు ప్రకారం ఎనభైమూడు పైసలు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి, రూపాయి ఇచ్చి చిల్లర ఉంచేసుకోమంటాను.